కొలతలు తీయకుండా కుట్టిన చొక్కా
(సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కస్టమర్ అవసరాల సేకరణ – విశ్లేషణ)



మన హాస్టల్లో చదివినవాళ్ళకు యూనిఫాం చొక్కా గురించి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడాది కుట్టుపని తీసుకున్నవారు వచ్చి మన ఒంటి కొలతలు తీయలేదు. ఎనిమిదో తరగతికి ఇన్ని, తొమ్మిదో తరగతికి ఇన్ని అని లెక్క రాసుకుని పోయారు. చొక్కాలు వచ్చాక చూస్తే బట్ట మంచిదే, కుట్టు గట్టిదే, గుండీలన్నీ ఉన్నాయి. కానీ పొడుగువాడికి చేతులు మోచేతి దగ్గరే ఆగిపోయాయి. పొట్టివాడికి చొక్కా మోకాళ్ళదాకా వచ్చింది. ఆ వారమంతా గది గదికీ తిరిగి ఒకరి చొక్కా ఒకరం మార్చుకున్నాం. కుట్టినవారికి పని రాక కాదు. అడగలేదు, కొలవలేదు. అంతే.

సాఫ్ట్‌వేర్ రంగంలో కూడా చాలా ప్రాజెక్టులు ఇలాగే పాడవుతాయి. ప్రోగ్రాం రాసినవారికి తెలివి ఉంటుంది, కంప్యూటర్ కూడా బాగానే ఉంటుంది. కానీ వాడేవారికి కావలసింది ఒకటి, తయారైంది ఇంకొకటి అవుతుంది. అందుకే ప్రోగ్రాం రాయడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. దాన్నే అవసరాల సేకరణ, విశ్లేషణ అంటారు. ఇంగ్లీషులో రిక్వైర్‌మెంట్స్ ఇంజనీరింగ్. మన హాస్టల్ నుంచి డిగ్రీకి, ఇంజనీరింగ్‌కి, ఎం.సి.ఏ.కి వెళ్ళే తమ్ముళ్ళు పరీక్ష కోసం ఈ పాఠాన్ని బట్టీపట్టి వదిలేస్తుంటారు. నేనూ అలాగే వదిలేశాను. నా సొంత ప్రాజెక్టు చెడిన తర్వాతే ఈ పాఠం నాకు అర్థమైంది. అందుకే ఈ సంచికకు దీన్నే ఎంచుకున్నాను.

అవసరం అంటే ఏమిటి?

తయారు కాబోయే సాఫ్ట్‌వేర్ ఏ పని చేయాలి, ఆ పనిని ఎంత బాగా చేయాలి, ఏ పరిమితులకు లోబడి చేయాలి అని చెప్పే స్పష్టమైన మాటను అవసరం అంటాం. ఇవి ప్రధానంగా రెండు రకాలు.

1. పనికి సంబంధించినవి (ఫంక్షనల్): "నెలాఖరుకు ఖర్చుల బిల్లు తయారు కావాలి" వంటివి.

2. గుణానికి సంబంధించినవి (నాన్-ఫంక్షనల్): వేగం, భద్రత, కరెంటు పోయినా సమాచారం చెడకుండా ఉండడం, కంప్యూటర్ పెద్దగా రానివారు కూడా వాడగలగడం వంటివి.

కస్టమర్ నోటి వెంట వచ్చిన ప్రతి మాటా అవసరం కాదు. ఆయన చెప్పేది కొన్నిసార్లు కోరిక, కొన్నిసార్లు తనకు తోచిన పరిష్కారం. "రిజిస్టరు కంప్యూటర్లోకి ఎక్కాలి" అనేది పరిష్కారం. "నెలాఖరున లెక్క కుదరక మూడు రాత్రులు కూర్చోవలసి వస్తోంది" అనేది దాని వెనక ఉన్న అవసరం. మొదటి మాట దగ్గరే ఆగిపోతే మనం రాసేది పాత రిజిస్టరుకు నకలు మాత్రమే అవుతుంది.

ఇంత పట్టింపు ఎందుకు?

ఫ్రెడరిక్ బ్రూక్స్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1986లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, సాఫ్ట్‌వేర్ తయారీలో అన్నిటికన్నా కష్టమైనది ఏం తయారు చేయాలో ఖచ్చితంగా తేల్చుకోవడమేనని వాదించారు. ఆలస్యంగా దొరికే తప్పు ఎంత ఖరీదైనదో బారీ బోహ్మ్ 1981లో వచ్చిన తన పుస్తకంలో లెక్కలతో చూపించారు. అవసరాల దశలో దొరికితే ఒక గీత కొట్టి దిద్దుకోగల తప్పును, పెద్ద ప్రాజెక్టులో సాఫ్ట్‌వేర్ వాడకంలోకి వెళ్ళాక సరిచేయాలంటే వంద రెట్లదాకా ఖర్చు కావచ్చు. ఇల్లు కట్టే మేస్త్రీని అడిగినా ఇదే చెబుతాడు. ముగ్గు పోసినప్పుడు గోడ జరపడానికి చిటికెడు సున్నం చాలు. స్లాబు పడ్డాక జరపాలంటే ఇల్లే కూల్చాలి.

లండన్ అంబులెన్సుల కథ

అవసరాలు సరిగా తెలుసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ప్రపంచమంతటా తరగతి గదుల్లో చెప్పే ఉదాహరణ ఒకటుంది.

లండన్ అంబులెన్స్ సర్వీసు సుమారు 600 చదరపు మైళ్ళ ప్రాంతానికి సేవ చేసేది. రోజుకు 2000 నుంచి 2500 దాకా ఫోన్లు వచ్చేవి. 1992 వరకు అక్కడ పని కాగితం మీద నడిచేది. ఫోన్ ఎత్తినవారు వివరాలను ఫారం మీద రాసి, మ్యాపు పుస్తకంలో చోటు వెతికి, ఆ ఫారాన్ని కన్వేయర్ బెల్టు మీద పంపేవారు. మరొకరు ఆ ఫారాలు పోగుచేసి, ఒకే ప్రమాదానికి రెండు ఫారాలు వస్తే గుర్తుపట్టి, బండ్లు కేటాయించేవారికి అందించేవారు. ఇందులో ఆలస్యం ఉంది. మనుషుల జ్ఞాపకం మీద ఎక్కువగా ఆధారపడవలసి వచ్చేది. దాన్ని మార్చాలనుకోవడంలో తప్పేమీ లేదు.

1992 అక్టోబరు 26న కొత్త కంప్యూటర్ వ్యవస్థను పూర్తిగా ప్రారంభించారు. ప్రతి అంబులెన్సు ఎక్కడుందో, ఖాళీగా ఉందో లేదో కంప్యూటర్‌కు ఎప్పుడూ సరిగ్గా తెలుస్తుందన్న నమ్మకం మీద దాన్ని కట్టారు. రోడ్డు మీద పరిస్థితి వేరు. కొన్నిచోట్ల రేడియో సిగ్నల్ అందదు. రోగిని ఎత్తుకునే తొందరలో సిబ్బంది బటన్ నొక్కడం మరచిపోతారు, లేదా వరుస తప్పి నొక్కుతారు. అలా కంప్యూటర్ లెక్కకూ, రోడ్డు మీద బండికీ పొంతన పోయింది. ఒకే చోటికి రెండు బండ్లు వెళ్ళాయి. మరోచోట రోగులు ఎదురుచూస్తూ ఉండిపోయారు. హెచ్చరిక సందేశాలు తెర మీద పేరుకుపోయి ముఖ్యమైనవి కనబడకుండా పోయాయి. మరుసటి రోజుకే సగం కాగితం పద్ధతికి తిరిగి వచ్చారు. నవంబరు 4 తెల్లవారుజామున ఆ వ్యవస్థ పూర్తిగా ఆగిపోయింది. ఆ రోజు ఆగిపోవడానికి కారణం సర్వర్ మెమరీని ఖాళీ చేయని ఒక చిన్న ప్రోగ్రాం పొరపాటు.

1993 ఫిబ్రవరిలో వచ్చిన విచారణ నివేదిక ఆ పొరపాటు దగ్గర ఆగలేదు. గడువు మరీ తక్కువ పెట్టడం, శిక్షణ చాలకపోవడం, వ్యవస్థకు అందే సమాచారం లోపం లేకుండా ఉంటుందని అనుకోవడం వంటి కారణాలను అది వివరించింది. అవసరాలు రాసుకున్న దశలో అంబులెన్సు సిబ్బంది భాగం చాలా తక్కువ. బటన్ నొక్కవలసినవారిని "మీరు ఆ సమయంలో ఏం చేస్తుంటారు?" అని ముందుగా కూర్చోబెట్టి అడిగి ఉంటే, ఆ వ్యవస్థను వేరుగా కట్టి ఉండేవారు.

ఈ కథను నేను ఎం.సి.ఏ. పరీక్షలో రెండు పేజీలు రాశాను. మంచి మార్కులు వచ్చాయి. ఆ తర్వాత సరిగ్గా అదే తప్పు చేశాను.

నా ప్రాజెక్టు – మొదటి ప్రయత్నం

ఆఖరి సెమిస్టరులో ప్రాజెక్టు చేయాలి. డబ్బు కడితే రెడీమేడ్ ప్రాజెక్టు ఇచ్చేవారు ఊళ్ళో ఉన్నారు. మా గైడు సార్ మాత్రం "నిజమైన కస్టమర్‌ను ఒకరిని వెతుక్కో" అన్నారు. నాకు తెలిసిన కస్టమర్ మన హాస్టలే. వచ్చి వార్డెన్ సార్‌ను అడిగాను. "స్టాక్ రిజిస్టరు, హాజరు పట్టీ కంప్యూటర్లోకి ఎక్కాలి. నెలాఖరుకు బిల్లు దానంతటదే రావాలి. అది చాలు" అన్నారు సార్. నలభై నిమిషాల్లో మా మాటలు అయిపోయాయి.

మూడు వారాల్లో ప్రోగ్రాం రాశాను. రాత్రి హాజరు ఎక్కిస్తే ఎంతమంది తిన్నారో లెక్క వస్తుంది. దాన్నిబట్టి బియ్యం, పప్పు, నూనె స్టాకులోంచి తగ్గుతాయి. సార్ చూసి సంతోషించారు. నేను కాలేజీకి వెళ్ళిపోయాను. పదకొండు రోజుల తర్వాత ఫోన్ చేస్తే మళ్ళీ పాత రిజిస్టర్లే నడుస్తున్నాయని తెలిసింది. "నీ తప్పేం లేదులే, మాకే కుదరడం లేదు" అన్నారు సార్.

తమ్ముళ్ళారా, కస్టమర్ ఈ మాట అన్నాడంటే తప్పు కచ్చితంగా మనదే.

కస్టమర్ అంటే ఒక్కడేనా?

తిరిగి వచ్చాక నేను చేసిన మొదటి పని, ఈ సాఫ్ట్‌వేర్‌తో ఎవరెవరికి సంబంధం ఉందో కాగితం మీద రాయడం. పాఠ్యపుస్తకంలో వీరిని స్టేక్‌హోల్డర్లు అంటారు.

1. వార్డెన్ సార్: లెక్కకు బాధ్యులు. బిల్లు మీద సంతకం ఆయనదే.

2. వంట చేసే పెద్దమ్మ, ఆమెకు సహాయంగా ఉండే కామాటి: లెక్కను వంటగా మార్చేవారు.

3. వాచ్‌మన్ తాత: ఎవరు ఊరికి వెళ్ళారో, ఎవరు తిరిగి వచ్చారో అందరికన్నా ముందు తెలిసేది ఆయనకే.

4. గది లీడర్లు: హాజరు చెప్పేవారు.

5. పిల్లలు: తినేవారు.

6. పై అధికారులు, ఆడిట్‌వారు: లెక్కను తనిఖీ చేసేవారు.

ఈ ఆరు వరుసల్లో నేను మాట్లాడింది ఒక్క మొదటివారితోనే. డబ్బు ఇచ్చేవారు, ఆజ్ఞ ఇచ్చేవారు ఒకరు ఉంటారు. రోజూ వాడేవారు మరొకరు ఉంటారు. దాని ఫలితం అనుభవించేవారు ఇంకొకరు. ముగ్గురినీ కలవకుండా మొదలుపెట్టిన ప్రాజెక్టు తరగతివారీగా కుట్టిన చొక్కా లాంటిదే.

సేకరణ పద్ధతులు

(అ) ముఖాముఖి: "మీకేం కావాలి?" అని అడిగితే పెద్ద సమాధానం రాదు. "నిన్న పొద్దున లేచినప్పటినుంచి ఏమేం చేశారు?" అని అడగాలి. "అప్పుడు సరుకు తక్కువ పడితే ఏం చేస్తారు?" అని అడగాలి. అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నలు తగ్గించాలి. డేటాబేస్, మాడ్యూల్ వంటి మన మాటలు పక్కనబెట్టి వారి మాటల్లోనే మాట్లాడాలి. చివర్లో మనం రాసుకున్నది వారికి చదివి వినిపించాలి.

(ఆ) పత్రాల పరిశీలన: రిజిస్టర్లు, బిల్లులు, రసీదులు చూడాలి. ఏ గడి నింపుతున్నారో, ఏ గడి ఎప్పుడూ ఖాళీగా ఉంటోందో గమనించాలి. అంచున పెన్సిలుతో రాసుకున్న అంకెలు మరీ ముఖ్యం. రిజిస్టరు గడుల్లో పట్టని అవసరాలు ఆ అంచులో ఉంటాయి.

(ఇ) ప్రశ్నావళి: మనుషులు ఎక్కువగా, దూరంగా ఉన్నప్పుడు పనికొస్తుంది. గది లీడర్లకు నేను ఆరు ప్రశ్నల కాగితం ఇచ్చాను.

(ఈ) నమూనా చూపడం: తెర ఎలా ఉంటుందో కాగితం మీద గీసి చూపిస్తే, మాటల్లో బయటపడని విషయాలు అప్పుడు బయటపడతాయి. దీన్ని ప్రోటోటైప్ అంటారు.

(ఉ) దగ్గరుండి చూడడం: ఇదే నాకు ఎక్కువ నేర్పింది. పనిచేసేవారికి తమ పని ఎంత అలవాటైపోయి ఉంటుందంటే, అందులో చెప్పవలసింది ఉందని వారికే తోచదు. చూస్తేనే తెలుస్తుంది.

వంటగదిలో రెండు రోజులు

పొద్దున నాలుగున్నరకు పెద్దమ్మతోపాటు నేనూ వంటగదిలోకి వెళ్ళాను. రెండు రోజులు అక్కడే కూర్చున్నాను. నా ప్రోగ్రాం ఎందుకు పనికిరాలేదో ఒక్కొక్కటే కనిపించింది.

మొదటిది వేళ. నా ప్రోగ్రాం లెక్క ఇచ్చేది రాత్రి హాజరు తర్వాత. పెద్దమ్మ రాత్రి వంటకు బియ్యం కొలిచేది సాయంత్రం నాలుగింటికి. తినేశాక వచ్చే లెక్క బిల్లుకు పనికొస్తుంది గానీ వంటకు పనికిరాదు.

రెండవది కొలత. స్టాకు రిజిస్టరులో బియ్యం కిలోల్లో ఉంటాయి. పెద్దమ్మ కొలిచేది తవ్వతో. అదీ కుప్పగా. అంచు సమానంగా కొలిచినదానికీ, కుప్పగా కొలిచినదానికీ తూకంలో తేడా ఉంది. రోజుకు కొంచెం కొంచెంగా నా కంప్యూటర్ స్టాకుకూ, గోదాములో బస్తాలకూ తేడా పెరుగుతూ పోయింది. కొలమానం చిన్న విషయం అనుకోకండి. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌక 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర నాశనమైంది. ఒక సాఫ్ట్‌వేర్ లెక్కలను పౌండ్ల కొలమానంలో ఇస్తే, వాటిని తీసుకునే సాఫ్ట్‌వేర్ న్యూటన్ల కొలమానం అనుకుంది. న్యూటన్లలోనే ఇవ్వాలని అవసరాల పత్రంలో రాసి ఉంది. ఆ నియమం పాటించారో లేదో సరిచూడడం జరగలేదు.

మూడవది చోటు. కంప్యూటర్ సార్ గదిలో ఉంది. సార్ మీటింగుకు వెళితే గదికి తాళం. పైగా హాజరు తీసే వేళకే తరచూ కరెంటు పోతుంది.

నాలుగవది నేను అసలు ఊహించనిది. గోదాము తలుపు వెనక సుద్దగీతలు ఉన్నాయి. రోజుకో వరుస. పెద్దమ్మకు చదువు రాదు. ఆమె లెక్క అదే. గది లీడర్లు వచ్చి చెప్పిన సంఖ్యను పదేసి గీతల గుంపులుగా వేసుకుంటుంది. ప్రతి వరుస చివర, కొంచెం దూరంగా, మరో మూడు గీతలు ఉన్నాయి. సార్ రిజిస్టరుకూ ఈ తలుపుకూ రోజూ సరిగ్గా మూడు తేడా.

"ఈ మూడు ఏంది పెద్దమ్మా?" అని అడిగాను.

"గవి పేరెక్కని పిల్లలయి. సర్టిఫికెట్లు రాలేదంట. పేరు ఎక్కలేదని పొట్ట ఊకుంటదా బిడ్డా?" అంది.

నా ప్రోగ్రాంలో అడ్మిషన్ నంబరు లేకుండా హాజరు పడదు. ఆ నియమం నేనే పెట్టాను. తప్పుడు ఎంట్రీలు రాకుండా అది మంచి జాగ్రత్త అనుకున్నాను. నేను ఆరో తరగతిలో ఈ హాస్టల్‌కు వచ్చినప్పుడు కుల ధ్రువీకరణ పత్రం రావడం ఆలస్యమైంది. పందొమ్మిది రోజులు పేరెక్కకుండానే ఇక్కడ తిన్నాను. అప్పుడు ఆ తలుపు వెనక నా గీత కూడా ఉండే ఉంటుంది. అయినా ప్రోగ్రాం రాసేటప్పుడు నాకు ఆ విషయం గుర్తు రాలేదు. అనుభవం ఉన్నంత మాత్రాన అవసరం తెలిసినట్టు కాదు. అడగాలి, చూడాలి.

విశ్లేషణ – విరుద్ధమైన అవసరాలు వచ్చినప్పుడు

సేకరించినవన్నీ ఒకచోట పెడితే కొన్ని ఒకదానికొకటి అడ్డం వస్తాయి. వాటిని తేల్చడమే విశ్లేషణలో అసలు పని.

సార్‌తో ఈ మూడు గీతల సంగతి చెప్పాను. ఆయనకు తెలుసు. "బిల్లులో నంబరు లేని పేరు ఒక్కటున్నా ఆడిట్‌లో నిలబడాల్సింది నేనే. అందుకే రాయను. పిల్లల్ని పస్తుంచలేను. అందుకే పెద్దమ్మను ఏమీ అనను" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. పెద్దమ్మ మాటలోనూ తప్పు లేదు. ఇద్దరి అవసరాలనూ ఒకే గడిలో రాయాలని చూస్తే మాత్రం ఒకరు ఓడిపోతారు.

ఇలాంటప్పుడు చేయవలసింది ఏమిటంటే, ఒకే పేరుతో ఉన్న రెండు విషయాలను విడదీయడం. "ఎంతమంది?" అనే ప్రశ్న ఇక్కడ ఒకటి కాదు, రెండు. బిల్లుకు ఎంతమంది అన్నది ఒకటి. అందులో అడ్మిషన్ నంబరు ఉన్నవారే ఉండాలి, అది నియమం. ఈ రాత్రి ఎంతమంది తింటారన్నది మరొకటి. అందులో తినే ప్రతి ఒక్కరూ ఉండాలి, అది వాస్తవం. నేను రెండింటినీ ఒకే సంఖ్య అనుకున్నాను.

అందువల్ల మూడు వేర్వేరు అవసరాలు రాశాను: బిల్లు లెక్క, వంట లెక్క, ప్రవేశం పెండింగులో ఉన్నవారి జాబితా. మూడోదానికి సార్ మొదట ఒప్పుకోలేదు. "రాసిపెడితే ఎందుకు ఉంచారని నన్నే అడుగుతారు" అన్నారు. రెండు రోజులు ఆలోచించి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఆ జాబితాలో పిల్లవాడి దరఖాస్తు తేదీ, ఇంకా రావలసిన పత్రం పేరు ఉండాలి. ఆ వివరాలు ఎలాగూ దరఖాస్తుల ఫైలులో ఉన్నవే. వారం దాటిన పేరు తెర తెరవగానే ఎర్రగా కనిపించాలని కూడా ఆయనే అడిగారు, తాను మరచిపోకుండా ఉండడానికి.

ఇక్కడ మనం గుర్తుంచుకోవలసింది ఒకటుంది. కొన్ని అవసరాలను కస్టమర్ కావాలనే చెప్పరు. చెబితే ఇబ్బంది అనుకుంటారు. వారిని నిలదీస్తే పని కాదు. వారి భయం ఏమిటో తెలుసుకుని, ఆ భయాన్ని కూడా ఒక అవసరంగా రాసుకోవాలి.

ఏది ముందు, ఏది వెనక?

అన్నీ ఒకేసారి చేయలేం. 1994లో డై క్లెగ్ అనే ఆయన చెప్పిన పద్ధతిలో అవసరాలను నాలుగు భాగాలు చేస్తారు. దీనికి మాస్కో పద్ధతి అని పేరు. రష్యా నగరంతో దీనికి సంబంధం లేదు. నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలతో వచ్చిన పేరు ఇది.

1. తప్పనిసరి: సాయంత్రం వంట లెక్క, నెలవారీ బిల్లు, పెండింగు జాబితా.

2. ఉండాలి: తవ్వల లెక్కను కిలోల్లోకి మార్చడం, వారానికి ఒకసారి బస్తాలు తూచి స్టాకు సరిచూడడం.

3. ఉంటే బాగు: ఊరికి వెళ్ళినవారి పేర్లు గేటు దగ్గర నుంచే ఎక్కించడం.

4. ఈసారికి వద్దు: వేలిముద్రల యంత్రం, తల్లిదండ్రులకు ఫోన్ సందేశాలు.

నాలుగో భాగం రాయడం మరచిపోవద్దు. ఏం చేయబోవడం లేదో ముందే రాసి చూపించకపోతే, ఆఖరి రోజున "అదేదీ?" అనే ప్రశ్న వస్తుంది.

ఇంకొక మాట. ప్రతి అవసరానికీ సాఫ్ట్‌వేరే జవాబు కానక్కరలేదు. కరెంటు సమస్యకు నేను చివరికి పెట్టింది వంటగది గోడకు ఒక అట్ట, దారం కట్టిన పెన్సిలు. గది లీడర్లు మూడున్నరకు దానిమీద గీతలు వేస్తారు. పెద్దమ్మ చూసి బియ్యం కొలుస్తుంది. కరెంటు ఉన్నప్పుడు ఎవరో ఒకరు ఆ అంకెను కంప్యూటర్లో ఎక్కిస్తారు.

అవసరాలు రాయడం ఎలా?

తేల్చుకున్న అవసరాలను ఒక పత్రంగా రాస్తారు. దాన్ని ఎస్.ఆర్.ఎస్. అంటారు. దీనికి ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ ఇచ్చిన 830 నంబరు ప్రమాణం (1998) గురించి ఇప్పటికీ పుస్తకాల్లో చదువుతాం. దాని స్థానంలో 2011లో 29148 నంబరు ప్రమాణం వచ్చింది, 2018లో దాన్ని సవరించారు. పరీక్షలో రెండూ రాయండి.

వాక్యం ఎలా ఉండాలో చూడండి.

తప్పు: సాఫ్ట్‌వేర్ వేగంగా ఉండాలి.
ఒప్పు: 120 పేర్ల హాజరు జాబితా 3 సెకండ్లలోపు తెర మీదికి రావాలి.

తప్పు: వంట లెక్క సమయానికి అందాలి.
ఒప్పు: ప్రతి రోజు సాయంత్రం 4 గంటలకల్లా ఆ రాత్రి తినేవారి సంఖ్య ఒక పేజీలో రావాలి. అందులో నంబరు ఉన్నవారు, పెండింగులో ఉన్నవారు వేర్వేరుగా కనిపించాలి.

రాసిన ప్రతి వాక్యాన్నీ ఐదు ప్రశ్నలతో సరిచూసుకోవాలి.

1. ఇద్దరు చదివితే ఇద్దరికీ ఒకే అర్థం వస్తోందా?
2. ఏదైనా సందర్భం వదిలేశామా? (సెలవులు, పండుగలు, పరీక్షల రోజులు)
3. మరో వాక్యంతో విభేదిస్తోందా?
4. పూర్తయిందో లేదో పరీక్షించి చూపగలమా?
5. దీన్ని ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు అన్నది పక్కన రాశామా?

తర్వాత ఆ పత్రాన్ని కస్టమర్‌కు చదివి వినిపించాలి. సార్‌కు ప్రింటు ఇచ్చాను. పెద్దమ్మకు తెలుగులో చదివి వినిపించాను. ఆమె రెండుచోట్ల ఆపి దిద్దించింది. ఆదివారం కోడికూర రోజు లెక్క వేరు అని అప్పుడే తెలిసింది. ఆ రోజు ఊరికి వెళ్ళినవాళ్ళు కూడా సాయంత్రానికల్లా తిరిగి వచ్చేస్తారట!

అవసరాలు మారవా?

మారతాయి. మెనూ మారుతుంది, నియమం మారుతుంది, సార్ బదిలీ అవుతారు. మార్పు వచ్చినప్పుడు తేదీ, కారణం, దానివల్ల ఇంకా ఏమేం మారాలో రాసుకోవాలి. 2001లో పదిహేడు మంది నిపుణులు కలిసి ప్రకటించిన ఎజైల్ విధానం ఈ మార్పును సహజంగా తీసుకుంటుంది. మొత్తం ఒకేసారి కాకుండా చిన్న చిన్న భాగాలు తయారు చేసి, ప్రతిసారీ వాడేవారికి చూపించి ముందుకు వెళ్ళమంటుంది. నేను రెండోసారి అలాగే చేశాను. మొదటి వారం వంట లెక్క ఒక్కటే ఇచ్చాను. అది నడిచాకే బిల్లు జోలికి వెళ్ళాను.

ముగింపు

రెండో ప్రోగ్రాం ఆ సెమిస్టరు చివరి వరకు ఆగకుండా నడిచింది. ఎర్రగా కనిపించిన మూడు పేర్లలో రెండు పేర్లకు నెల తిరగకముందే నంబర్లు వచ్చాయి. ఆ పని చేసింది నా ప్రోగ్రాం కాదు. రోజూ ఆ పేర్లు కళ్ళబడి, ఆఫీసు చుట్టూ తిరిగిన సార్. మూడో పిల్లవాడి పత్రం నేను ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చేనాటికి కూడా రాలేదు. వంట లెక్కలో మాత్రం వాడు ఉన్నాడు.

తమ్ముళ్ళారా, ఈ పని చేసేవారిని ఉద్యోగాల్లో బిజినెస్ అనలిస్టు అంటారు. దీనికి ప్రోగ్రాం రావడంతోపాటు ఎదుటివారి మాట వినే ఓపిక కావాలి. పదిమంది మధ్య పెరిగిన మనకు ఆ ఓపిక కొత్త కాదు. ఇంగ్లీషు తడబడుతుందని వెనకాడకండి. పెద్దమ్మను నేను ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా అడగలేదు.

అభ్యాసం (సెలవుల్లో ప్రయత్నించండి)

1. మన హాస్టల్ లైబ్రరీకి సాఫ్ట్‌వేర్ చేయాలంటే ఎవరెవరిని కలవాలి? కనీసం ఐదుగురిని రాయండి.
2. వాచ్‌మన్ తాత దగ్గర ఒక సాయంత్రం కూర్చుని, ఆయన పుస్తకంలో రాయకుండా మనసులో పెట్టుకునే విషయాలు మూడు కనుక్కోండి.
3. "హాస్టల్ శుభ్రంగా ఉండాలి" అన్న వాక్యాన్ని పరీక్షించదగిన అవసరంగా మార్చి రాయండి.

రాసినవి నాకు చూపించండి. వార్షికోత్సవానికి తప్పక వస్తాను.

– ఎం.సి.ఏ., ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి